మూడో బంతి

ఏడో కుళాయి పిడి ఒక పట్టాన రాలేదు. సుబ్బరాజు పానాతో రెండుసార్లు తిప్పి చూశాడు. మూడోసారి మోకాలు సిమెంటు దిమ్మకు ఆనించి బలంగా లాగాడు. పిడి ఊడి చేతిలోకి వచ్చింది. దాన్ని బకెట్టులో ఉన్న మిగతా ఆరింటి మీద పడేశాడు. ఇక ఈ మైదానంలో ఎవరూ గుక్కెడు నీళ్ళు పట్టుకోలేరు.

అలా చెయ్యమనే పైనుంచి వచ్చిన ఆజ్ఞ. నిన్న మధ్యాహ్నం నుంచి వారన్ క్రీక్ పార్కు మూత. పార్కుల శాఖకు ఈ ఏడు ఎంత ఇవ్వాలో ప్రభుత్వంలో వాళ్ళలో వాళ్ళకే తేలక, తేలేదాకా రాష్ట్రంలో ఉన్న క్యాంపు మైదానాలన్నిటికీ తాళాలు వెయ్యమన్నారు. పార్కుల కాపలా చూసే రేంజర్లను ఇళ్ళకు పంపేశారు. అదీ ఎప్పుడు? మెల్‌బోర్న్ గుర్రప్పందేల సెలవుల్లో. జనం ఏడాదంతా ఎదురుచూసి, పిల్లల్నీ గుడారాల్నీ బండ్లకెక్కించుకుని వచ్చే నాలుగు రోజుల్లో. అయినా మూసే పని ఎవరో ఒకరు చెయ్యాలి కదా. ఆ ఒకరు సుబ్బరాజు. కాంట్రాక్టు కంపెనీ మనిషి. పదకొండేళ్ళుగా ఈ మైదానంలో మరుగుదొడ్లు శుభ్రం చేసే మనిషి.

ఆయనకు యాభై ఎనిమిదేళ్ళు. పొట్టిగా, గట్టిగా ఉంటాడు. మోచేతుల దాకా పాత నూనె మరకల్లా నల్లటి కాలిన మచ్చలు. అవి వంటవాడిగా పని చేసిన రోజులవి. గోళ్ళు చర్మం దాకా కత్తిరించి ఉంటాయి. ఇంటికి వెళ్ళగానే నిమ్మచెక్కతో చేతులు రుద్దుకుంటాడు. అయినా అన్నం ముద్ద నోటి దగ్గరికి వచ్చేసరికి ఒక్క క్షణం ఆగి వాసన చూసుకుంటాడు. అలా చూసుకుంటున్నానని ఆయనకు తెలియదు.

బకెట్టు పట్టుకుని దొడ్ల దగ్గరికి నడిచాడు. ఇక్కడి దొడ్లకు నీళ్ళుండవు. కింద లోతైన సిమెంటు గుంట, పైన ప్లాస్టిక్ పీట, పక్కన కాగితం చుట్ట. అంతే. నెలకోసారి లారీ వచ్చి గుంట తోడుకుపోతుంది. ఆ లారీ నిన్న రావాలి. దాన్నీ ఆపేశారు. సుబ్బరాజు ముక్కుకు తువ్వాలు కట్టుకుని, పీట ఎత్తి, టార్చి వేసి చూశాడు. మూరెడు కిందే మెరుస్తోంది. పైన పురుగులు. తల పక్కకు తిప్పుకుని పీట దించేశాడు. ఇన్నేళ్ళయినా అలవాటు కానిది అదొక్కటే. అలవాటయిందని అందరికీ చెబుతాడు.

గేటు దగ్గర హారన్ మోగింది. వెళ్ళేసరికి ఒక ఆస్ట్రేలియన్ యువకుడు బండి దిగి, గేటుకు కట్టిన నోటీసును చదువుతున్నాడు. వెనక ట్రైలరు, దాని మీద రెండు సైకిళ్ళు. లోపల ఇద్దరు పిల్లలు అద్దానికి ముక్కులు ఆనించి చూస్తున్నారు.

"మార్చిలో బుక్ చేశాను మేట్. మార్చిలో!"

"సారీ సర్. గవర్నమెంట్ ఆర్డర్."

"నాలుగు గంటలు డ్రైవ్ చేసుకుని వచ్చాం. పిల్లలకి ఏం చెప్పను? నువ్వే చెప్పు వాళ్ళకి."

సుబ్బరాజు పిల్లల వైపు చూడలేదు. బూట్ల వైపు చూసుకున్నాడు. ఆ మనిషి ట్రైలరు లోంచి ఒక నల్ల సంచి తీసి గేటు అవతలికి విసిరాడు.

"అయితే ఇది ఎత్తు. నీకు జీతం వస్తోందిగా."

సంచి పగిలింది. పసిపిల్లల డైపర్లు, నాకి పారేసిన ఎముకలు, సగం తాగిన బీరు డబ్బాలు. ఈగలు ఎక్కడినుంచి వస్తాయో, సంచి పడిన మరుక్షణమే వచ్చాయి. బండి దుమ్ము లేపుకుంటూ వెళ్ళిపోయింది. సుబ్బరాజు ఒక్కొక్కటే ఏరాడు. ఆ మనిషి మీద కోపం రాలేదు, రోత పుట్టింది. మూయమన్నవాళ్ళ మీదా పుట్టింది. వాళ్ళెక్కడో చల్లటి గదుల్లో ఉంటారు, ఎవరికీ కనపడరు. తాళం వేసేవాడే కనపడతాడు.

చేతి తొడుగులు తీస్తుండగా ఫోను మోగింది. తెలియని నంబరు.

"సుబ్బరాజు గారేనా? నేనండీ, డాక్టర్ కృష్ణమూర్తిని. క్రాన్‌బర్న్ నుంచి."

"ఆయ్, చెప్పండి డాక్టరుగారు."

కృష్ణమూర్తి అక్కడి తెలుగువాళ్ళ సంఘానికి అధ్యక్షుడు. సుబ్బరాజు ఉండేదీ ఆ మెల్‌బోర్న్ శివారులోనే. దుకాణంలో ఎదురుపడితే డాక్టరు తల ఊపి వెళ్ళిపోయేవాడు. తన పేరు ఆయనకు తెలుసునని సుబ్బరాజుకు ఇప్పుడే తెలిసింది.

"ఇవాళ మన కార్తీక వనభోజనాలు అక్కడేనండీ. జూలైలోనే సైట్ బుక్ చేశాం. నిన్న సాయంత్రం ఈమెయిల్, పార్క్ క్లోజ్డ్ అని! అరవై మందికి వంట అయిపోయింది. బూరెలు కూడా వేసేశారు ఆడవాళ్ళు. సిటీలో పార్కులన్నీ ఫుల్. తాళాలు మీ దగ్గరే ఉంటాయట కదా?"

"ఉంటే ఉన్నాయండి. తియ్యకూడదండి. ఉద్యోగం పోద్ది."

"రేంజర్సే లేరు కదండీ, ఎవరు చూస్తారు? పదకొండుకి వస్తాం, మూడింటికల్లా నీట్‌గా సర్దేసి వెళ్ళిపోతాం. ఇంకో మాట. మీరూ మాతో బంతిలో కూర్చోవాలి. ఊరికే అనడం లేదు. మీరు విస్తరి ముందు కూర్చోందే మేం లేవం."

నీలగిరి చెట్ల మీద తెల్ల చిలకలు గోల చేస్తున్నాయి. అవతల డాక్టరు "హలో, హలో" అంటున్నాడు.

బంతి. ఆ మాట ఆయన చెవిన పడి ఐదేళ్ళయింది.

ఇరవై రెండేళ్ళ కిందట ఆయన వంటవాడి వీసా మీద సిడ్నీ వచ్చి, పెండిల్ హిల్‌లో ఒక హోటల్లో పని చేశాడు. పెద్ద మూకుడు ముందు పదేళ్ళు. ఊళ్ళో పెళ్ళిళ్ళకు వండిన చెయ్యి. బంతిలో ఎవరికి ఏం కావాలో అడక్కుండానే తెలిసే కన్ను. హోటలు మూతబడ్డాక, భార్య సీతారావమ్మతో మెల్‌బోర్న్ వైపు వచ్చాడు. దొరికిన పని ఇది. ఊళ్ళో చుట్టాలకు "పార్కులో ఉద్యోగం" అని చెప్పాడు. వాళ్ళు పూలమొక్కలు అనుకున్నారు. అనుకోనిచ్చాడు. సీతారావమ్మ ఆరేళ్ళ కిందట పోయింది. పిల్లలు లేరు.

ఆమె పోయిన మరుసటి ఉగాదికి, సంఘం వాళ్ళ హాలుకు ఒక గిన్నెడు పులిహోర చేసుకుని వెళ్ళాడు. బల్ల మీద అన్ని గిన్నెల మధ్యా పెట్టాడు. ఇంగువ వేసి, పల్లీలు విడిగా వేయించి కలిపిన పులిహోర. మొదటి బంతి లేచింది, రెండో బంతి లేచింది. ఆయన గిన్నె మీద మూత ఎవరూ తియ్యలేదు. వెనక ఎవరో ఆడమనిషి "ఆయనే కదా, టాయిలెట్లు..." అని ఆపేసింది. పూర్తి చెయ్యాల్సిన అవసరం లేకపోయింది. గిన్నె ఇంటికి తెచ్చుకుని, పారెయ్యడానికి చెయ్యి రాక, మూడు రోజులు తానే తిన్నాడు. మళ్ళీ ఆ హాలు గడప తొక్కలేదు.

ఇప్పుడు పిలుస్తున్నది తాళం కోసమేనని తెలుసు. అంత తెలివిలేనివాడు కాడు. దొరికితే ఉద్యోగం పోతుందనీ తెలుసు. ఈ వయసులో ఇంకోటి రాదనీ తెలుసు.

"అలాగేనండి, రండి," అన్నాడు. ఆ గొంతులో ఉన్న ఆత్రం తన చెవికే వినబడి, తన మీద తనకే రోత పుట్టింది.

పదకొండు గంటలకు పద్నాలుగు కార్లు వరసగా వచ్చాయి. సుబ్బరాజు గొలుసు తీసి పట్టుకుని నిలబడ్డాడు. ముందు కారులో వెనక సీట్లో ఉసిరి మొక్క ఉంది. మట్టి కుండీలో మోకాలెత్తు మొక్క. దానికి సీటు బెల్టు పెట్టారు. పక్కన డాక్టరుగారి తల్లి జ్ఞానప్రసూన కూర్చుని దాని కొమ్మలు విరక్కుండా చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఈ దేశపు చలికి అది బతకదు. ఆవిడ ఇంట్లో హీటరు పక్కన పెట్టి పసిపిల్లలా పెంచింది.

"ఏ ఊరు బాబూ మనది?" అని ఆవిడ దిగుతూ అడిగింది.

"వీరవాసరం పక్కనండి. సుబ్బరాజు అంటారండి."

"రాజులా! అయ్యో, రాజుగారూ, ఇంత దూరమొచ్చి ఇదేం పనండీ మీకు?"

ఆవిడ మంచిగానే అడిగింది. సుబ్బరాజు నవ్వి తరవాతి కారుకు దారి చూపించాడు.

డాక్టరు భార్య ఉదయశ్రీ చేతిలో చెంబుతో వచ్చింది. "అంకుల్, ట్యాప్స్‌కి హ్యాండిల్స్ లేవేంటి? కుక్ చేసినవి వేడి చెయ్యాలి, హ్యాండ్స్ వాష్ చేసుకోవాలి. నీళ్ళు లేకపోతే ఎలా?"

ఏడు పిడులూ మళ్ళీ బిగించాడు. పది నిమిషాలకు ఆమె మళ్ళీ వచ్చింది.

"టాయిలెట్స్ లాక్ చేసి ఉన్నాయి అంకుల్."

"అవి తియ్యకూడదమ్మా. గుంట నిండిపోయుంది. మూడు కిలోమీటర్లు వెనక్కెళితే పెట్రోలు బంకు ఉంది."

"అత్తయ్యగారికి షుగర్ అంకుల్. ప్రతి అరగంటకీ పెట్రోల్ బంక్‌కి డ్రైవ్ చెయ్యాలా? చిన్నపిల్లలున్నారు. ప్లీజ్."

సుబ్బరాజు ఒక దొడ్డి తాళం తీశాడు. తలుపు దగ్గర నిలబడి, వచ్చిన ప్రతివాళ్ళకీ చెప్పాడు. "నీళ్ళు మాత్రం పొయ్యొద్దండి. ఇది నీళ్ళ దొడ్డి కాదు. కాగితమే వాడండి. నీళ్ళు పోస్తే గుంట పైకొచ్చేస్తుంది." అందరూ "ఓకే అంకుల్, ఓకే" అన్నారు. కాసేపటికి తలుపు పక్కన ఎర్ర మగ్గు వెలిసింది. దాని పక్కన నీళ్ళ సీసాలు వరసగా. కుళాయి నుంచి దొడ్డిదాకా నేల మీద తడి దారి పడింది. లోపలినుంచి గళగళమని నీళ్ళ చప్పుడు. గట్టిగా అనబోయి ఆగిపోయాడు. కాగితంతో సరిపెట్టుకోవడం తనవల్లా కాదు. పదకొండేళ్ళుగా డ్యూటీలో తన బండిలోనూ ఒక సీసా ఉంటుంది.

కుండీ చుట్టూ ముగ్గు వేసి, మొక్కకు పసుపు దారం చుట్టి, దీపాలు పెట్టారు. జ్ఞానప్రసూన పూజ చేసింది. "అంకుల్, ఇటు రండి, మీతో ఒక ఫొటో!" అని ఉదయశ్రీ పిలిచింది. సుబ్బరాజు అప్పటికే బండిలో చొక్కా మార్చుకున్నాడు. ఉతికి ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా. చేతులు నాలుగుసార్లు కడుక్కున్నాడు. ఉసిరి మొక్క పక్కన నిలబడి, పొట్ట లోపలికి లాక్కుని కెమెరాలోకి చూశాడు. డాక్టరు ఆయన భుజం మీద చెయ్యి వేశాడు. ఈ ఐదేళ్ళలో ఒక తెలుగు మనిషి చెయ్యి ఆయన మీద పడడం అదే మొదలు.

చాపలు పరిచారు. విస్తళ్ళు వేశారు. ఇండియన్ షాపులో కట్టలుగా దొరికే కుట్టుడు విస్తళ్ళు.

"రండి సుబ్బరాజు గారూ... అయ్యో, పెద్దవాళ్ళతో నిండిపోయింది. రెండో బంతిలో మనిద్దరం పక్కపక్కన కూర్చుందాం, సరేనా?"

"ఫరవాలేదండి. నాకు తొందరేం లేదండి."

వడ్డనలు సాగాయి. ముద్దపప్పు, గుమ్మడికాయ పులుసు, కంద బచ్చలి, బూరెల్లో నెయ్యి. వడ్డించే కుర్రాళ్ళకు వరస తెలియడం లేదు. పప్పు వెయ్యకుండా నెయ్యి పట్టుకొస్తున్నారు. సుబ్బరాజు చేతులు వాటంతటవే కదిలాయి. వెంటనే వెనక్కి కట్టుకున్నాడు. గరిటె పట్టుకోమని ఎవరూ అనలేదు. అనరని తెలుసు.

మొదటి బంతి లేచింది. రెండో బంతికి చాప చివర ఒక విస్తరి ఖాళీగా ఉంది. డాక్టరు అప్పటికే స్నేహితుల మధ్య కూర్చుని పులుసు కలుపుకుంటున్నాడు. సుబ్బరాజు ఖాళీ విస్తరి దగ్గర మోకాలు వంచబోయాడు. అప్పుడే తొమ్మిదేళ్ళ పాప ఒకతి పరుగెత్తుకుంటూ వచ్చింది. డాక్టరుగారి కూతురు సృజన.

"అంకుల్! ది టాయిలెట్ ఈజ్ కమింగ్ అప్!"

ఎవరో కిసుక్కుమన్నారు. ఒకామె పైట ముక్కుకు అడ్డం పెట్టుకుంది. తరవాత అరవై మందీ ఒక్కసారే ఆయన వైపు చూశారు. ఇంజనీర్లు, డాక్టర్లు, ప్రొఫెసర్లు. ఎవరూ లేవలేదు. లేవాలని ఎవరికీ తోచలేదు. ఆ చూపుల్లో అడగడం కూడా లేదు. ఎదురుచూడడమే ఉంది.

సుబ్బరాజు వంచిన మోకాలు నిలబెట్టాడు.

తలుపు తీసేసరికి లోపలి గాలి మొహం మీద కొట్టింది. పీట అంచులు దాటి నల్లటి నీళ్ళు మెట్టు మీదికి పాకుతున్నాయి. నీళ్ళ మీద కాగితాలు, ఒక డైపరు, ప్లాస్టిక్ గ్లాసులు, ఎవరో చెయ్యి తుడుచుకుని పారేసిన విస్తరి ముక్క. పురుగులు గట్టు ఎక్కుతున్నాయి. ఎర్ర మగ్గు బోర్లా తేలుతోంది. దొడ్డి ఉన్నది వాలులో. ముప్ఫై అడుగుల కింద వాగు.

తెల్ల చొక్కా మార్చుకునే వ్యవధి లేదు. పార తెచ్చి వాగుకు అడ్డంగా మట్టి తవ్వి కట్ట వెయ్యడం మొదలెట్టాడు. వేసిన కట్టను నీళ్ళు నాకుతున్నాయి. ఇంకా తవ్వాడు. డైపరు గుంట నోటికి అడ్డం పడుతుంటే కొక్కెంతో లాగాడు. అది రాకపోతే భుజం దాకా చెయ్యి పెట్టి తీశాడు. తొడుగు లోపలికి ఏదో వెచ్చగా జారింది.

అటునుంచి గాలి తిరిగి, కాగిన నెయ్యి వాసన వచ్చింది. ఆయన నోట్లో నీళ్ళూరాయి.

పార వదిలేసి పక్కకు వంగి ఉమ్మాడు. గుంటను చూసినప్పుడు రాని డోకు ఇప్పుడు వచ్చింది. చేతులు ఎందులో ఉన్నాయి, నోరు దేనికి ఊరుతోంది! వాళ్ళకి తన మీద ఉన్న రోత ఇన్నాళ్ళూ అన్యాయం అనుకున్నాడు. ఇప్పుడు అదే రోత తన కడుపులోనూ ఉంది, తన మీదే.

"అంకుల్," అని దూరంనుంచే ఉదయశ్రీ గొంతు. "కాస్త ఆ డోర్ మూసేస్తారా? స్మెల్ ఇటే వస్తోంది. స్వీట్ వడ్డిస్తున్నాం."

తలుపు మూశాడు.

కట్ట నిలిచింది. వాగు దాకా ఒక్క చుక్క పోలేదు. అప్పటికి "మూడో బంతి! మూడో బంతి!" అని అరుస్తున్నారు. "సుబ్బరాజు గారూ, రండి, ఇక మీదే ఆలస్యం!" అని డాక్టరు కేకేశాడు. వడ్డించినవాళ్ళు, మిగిలినవాళ్ళు కూర్చుంటున్నారు. "వస్తానండి, చేతులు కడుక్కుని వస్తానండి," అని సుబ్బరాజు కుళాయి తిప్పాడు. మోచేతుల దాకా సబ్బు రుద్దాడు. కడిగాడు. మళ్ళీ రుద్దాడు. చొక్కా మీద మరకలున్నాయి. చివర కూర్చుంటే సరిపోతుంది, అనుకున్నాడు.

ఫోను మోగింది. కంపెనీ సూపర్‌వైజరు గ్లెన్.

"సుబ్బా, నీకో ఫొటో పంపాను చూడు."

చూశాడు. ఉసిరి మొక్క, డాక్టరు, తెల్ల చొక్కాలో తాను. సంఘం వాళ్ళ ఫేస్‌బుక్ పేజీ. కింద ఇంగ్లీషులో నాలుగు వరసలు. ప్రభుత్వం పార్కు మూసినా మన కోసం గేటు తెరిచిన మన సుబ్బరాజు గారికి సంఘం తరఫున హృదయపూర్వక కృతజ్ఞతలు. పార్కు పేరు. పక్కన నమస్కారం బొమ్మలు మూడు. రెండు వందల పద్నాలుగు మందికి నచ్చింది. ఉద్దేశం మంచిదే. ఆయన పేరు ఎక్కడైనా అచ్చులో పడడం అదే మొదటిసారి.

"బుకింగ్ పోయినవాళ్ళెవరో చూసి డిపార్ట్‌మెంట్‌కి పంపారు," అన్నాడు గ్లెన్. "గేటు వాళ్ళే బద్దలుకొట్టారని చెప్పు, నేనూ అదే రాస్తాను. నువ్వు తెరిచావా?"

సుబ్బరాజు ఫొటోలో తన మొహం చూశాడు. పొట్ట లోపలికి లాక్కుని నవ్వుతున్నాడు.

"యెస్ గ్లెన్. నేనే."

"ఇంటి దగ్గరున్న రేంజర్‌ని పిలిపించారు, అరగంటలో వస్తాడు. తాళాలు బాక్స్‌లో వేసి ఇంటికి వెళ్ళు. సోమవారం రావద్దు. సారీ మేట్."

ఫోను పెట్టి వెనక్కి తిరిగేసరికి బంతి సగంలోనే కదిలిపోయింది. ఎవరికో ఎక్కడినుంచో కబురు అందింది. ఫైన్ వేస్తారట, కారు నంబర్లు రాసుకుంటారట అంటూ చాపలు చుట్టేస్తున్నారు. సగం తిన్న విస్తళ్ళు చెట్టు మొదట్లో కుప్పపడ్డాయి. చెత్తడబ్బాలు నిన్ననే తీసేశారు కదా. డాక్టరు ఒక చేత్తో గిన్నె, ఒక చేత్తో కారు తాళం పట్టుకుని వచ్చాడు.

"మీకేం ప్రాబ్లం లేదు కదండీ?"

"లేదండి."

"హమ్మయ్య. ఏదైనా ఉంటే చెప్పండి, మేమంతా ఉన్నాం." ఆయన అటూ ఇటూ చూశాడు. "అన్నట్టు భోంచేశారా?"

సమాధానం వినకుండానే కారెక్కాడు. జ్ఞానప్రసూన ఒళ్ళో కుండీ పెట్టుకుని కూర్చుంది. ఉదయశ్రీ అద్దం దించింది.

"మీకు తీసి పెట్టించాను అంకుల్. అన్నీ వేశారు. మీరు అక్కడ పనిలో ఉన్నారని అక్కడే పెట్టమన్నాను. తప్పకుండా తినండి!"

పద్నాలుగు కార్లూ వెళ్ళిపోయాయి. దుమ్ము దిగాక మైదానం పెద్దదిగా కనిపించింది.

సుబ్బరాజు విస్తళ్ళు ఏరి సంచుల్లో కట్టాడు. ముగ్గు మీద మట్టి కప్పాడు. కుళాయి పిడులు ఏడూ విప్పాడు. కట్ట మీద ఇంకో నాలుగు పారల మట్టి వేసి, సున్నం చల్లాడు. ఎవరూ చెయ్యమనలేదు. చెయ్యకుండా వెళ్ళడం ఎలాగో ఆయనకు తెలియదు. చివరగా దొడ్డికి తాళం వెయ్యడానికి వెళ్ళాడు. అక్కడ ఒక నిమిషం నిలబడ్డాడు. తరవాత తాళం వేసి, కింద ఉన్నదానికి కాలు తగలకుండా దాటి వచ్చాడు.

తాళాల గుత్తి గేటు పక్క డబ్బాలో పడిన చప్పుడు వినిపించింది. బండి స్టార్టయింది. నీలగిరి చెట్ల మధ్య మలుపు తిరిగి, కనపడకుండా పోయింది.

నల్లచీమలు వాలు కింద నుంచి ఒక వరస కట్టాయి. దొడ్డి మొదటి మెట్టు మీద, సున్నం గీతకు జానెడు ఇవతల, అన్నీ వడ్డించిన విస్తరి ఒకటి, పైన ఇంకో విస్తరి బోర్లించి, గాలికి లేవకుండా ఒక చిన్న రాయి పెట్టి ఉంది.